కాంభోజి దిగే దారి

నా కాంభోజి రాగాన్ని మొదటిసారి ఆపిన వేలికి పగడపు ఉంగరం ఉంది. రెండోసారి ఆపిన వేలికి గోరు చీలి ఉంది. మూడోసారి లేచింది దర్భ ఉంగరం పెట్టుకున్న చేతి చూపుడు వేలు, అది కూడా ఎత్తీ ఎత్తనట్టుగా లేచింది. ఇలాంటివి ఎవరూ గుర్తుపెట్టుకోరు. నేను పెట్టుకున్నాను.

మాది పెనుకొండలో మేళం వాయించే ఇల్లు. నాయన సన్నాయి, చిన్నాయన డోలు. నేను పదో తరగతి తప్పిన ఏడాది నుంచి నాయన పక్కన కూర్చుని రెండో సన్నాయి వాయించాను. తొంభైల మొదటి సంవత్సరాలు అవి. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళ ఇళ్ళలో పెళ్ళంటే మేళం ఉండి తీరాల్సిందే. హిందూపురం వైపు పెళ్ళిళ్ళకూ పోయేవాళ్ళం. అక్కడ సగం మాటలు కన్నడం, సగం తెలుగు. మమ్మల్ని తొందరపెట్టడానికి మాత్రం రెండూ కలిపి వాడేవాళ్ళు.

పెళ్ళికి పోయినవాళ్ళందరికీ తెలిసిన సంగతే, అయినా చెబుతాను, ఎందుకంటే మావైపు నుంచి దాన్ని ఎవరూ చూడలేదు. తాళి కట్టే క్షణంలో పురోహితుడు వేలెత్తుతాడు. వేలు లేవగానే, వాయిస్తున్న రాగం ఎక్కడుంటే అక్కడ వదిలేసి, డోలు ఎంత గట్టిగా మోగగలదో అంత గట్టిగా మోగాలి. సన్నాయి దాని వెంట పరిగెత్తాలి. దాన్ని గట్టిమేళం అంటారు. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి చెడ్డమాటా పెళ్ళివాళ్ళ చెవిన పడకూడదని ఆ ఏర్పాటు. గట్టిమేళం వినిపిస్తే చాలు, జనం తలెత్తి చూడకుండానే అక్షింతలు వేస్తారు.

అందుకని మా చూపు ఎప్పుడూ వేలి మీదే ఉండేది. ఇంటికి వచ్చాక పెళ్ళికూతురు ఎట్లుందని అమ్మ అడిగితే మా ముగ్గురిలో ఒక్కరికీ తెలిసేది కాదు. పురోహితుడి చెయ్యి గురించి అడిగి ఉంటే చెప్పేవాళ్ళం.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. నలుగురు కూర్చుని వింటుండగా, ఒక్కసారి, కాంభోజి మొదలుపెట్టి చివరిదాకా వాయించాలి. అంతే. నా పదిహేడో ఏట నుంచి పాతిక దాటేదాకా నేను కోరుకున్నది అదొక్కటే. అది ఎందుకు జరగలేదో, ఎవరెవరి వల్ల జరగలేదో నా దగ్గర వరసగా ఉంది.

ఆ రాగం మీద మనసు పడింది హిందూపురం బస్టాండు దగ్గర. ఒక క్యాసెట్ల అంగడి ముందు బెంచీ ఉండేది. ఒక పెళ్ళి నుంచి తిరిగి వస్తూ పెనుకొండ బస్సు కోసం దాని మీద కూర్చున్నాను. అంగడాయన ఏదో పాత టేపు పరీక్షిస్తున్నాడు. నాదస్వరం. వాయించేదెవరో తెలియదు, టేపు మీది కాగితం అరిగిపోయింది. మేము పెళ్ళిళ్ళలో రెండు నిమిషాల్లో కానిచ్చే కాంభోజిని ఆ మనిషి తొందర లేకుండా, ఒక్కొక్క స్వరం దగ్గర ఆగి, దానితో ఏదో మాట్లాడుకుని, ఆ తర్వాతే పైదానికి పోతున్నాడు. నా ముందు రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి. ఆయన పై షడ్జం అందుకుని దాని మీద నిలబడ్డాడు. అప్పుడే టక్కుమని చప్పుడైంది. టేపు ఆ పక్క అయిపోయింది.

రెండోపక్క పెట్టమని అడిగాను. ఆ పక్క ఏవో భజనలు ఉన్నాయట. పోనీ, ఈ పక్కే నాకు ఒకరోజు ఇవ్వమన్నాను. నా భుజానికి వేలాడుతున్న సన్నాయి సంచీని చూసి అంగడాయన నవ్వాడు.

"టేపు వినే నేర్చుకునేట్టయితే ఇంగ నువ్వెందుకప్పా? పెండ్లికి ఈ టేపే పెట్టుకుంటారు గదా."

పక్కన టీ తాగుతున్న ఇద్దరు కూడా నవ్వారు. తర్వాత కొన్నేళ్ళకు పెళ్ళిళ్ళలో నిజంగానే టేపు పెట్టుకున్నారు. ఆ మాట అన్నందుకు ఆయన మీద, అది నిజమైనందుకు లోకం మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాయనను అడిగితే కాంభోజి చెప్పాడు. చెప్పాడంటే, ఆయన వాయిస్తే నేను తిరిగి వాయించడమే. బాగుందని ఎప్పుడూ అనలేదు. "ఊ" అనేవాడు. తప్పు వస్తే ఆ "ఊ" కూడా ఉండదు. ఇంట్లో వాయిస్తే వీధిలో పిల్లలు మూగుతారని పొద్దున్నే కొండ కిందికి పోయి బండరాళ్ళ మధ్య సాధన చేసేవాణ్ణి. మేకలు తోలుకుపోయే ముసలాయన ఒకడు దాదాపు రోజూ ఎదురై, "ఏమప్పా, ఈ పొద్దు ఎవురి పెండ్లి?" అని అడిగేవాడు. మొదటిసారి నవ్వాను. ఆయన మూడేళ్ళు అదే అడిగాడు.

అప్పుడే ఎవరో చెప్పారు, హిందూపురంలో ఒక టీచరమ్మ ఉంది, బడిలో సంగీతం చెప్పి రిటైరైంది, అడిగినవాళ్ళకు ఇంట్లో నేర్పుతుంది అని. కన్నడం మాట్లాడే ఇల్లు. ఒక గురువారం పోయాను. లోపల ఇద్దరు ఆడపిల్లలు వయొలిన్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆమె నా సంచీని చూసి గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోటు చూపించింది.

"సన్నాయి ఆడ పెట్టి రాప్పా. ఈడ వాయిస్తే వీధి వీధంతా పెండ్లని వస్తారు."

ఆ ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నేను సన్నాయిని చెప్పుల పక్కన పెట్టలేదు. కిటికీ ఊచకు తగిలించి లోపలికి పోయాను. వయొలిన్‌కు చాప ఉంది, నా సన్నాయికి చెప్పుల చోటు. ఆమె ఆ రోజు ఏం నేర్పిందో గుర్తులేదు. ఆ మాట మాత్రం గుర్తుంది.

నాలుగు నెలలు పోయాను. నాచేత పాడించేది, వాయించనిచ్చేది కాదు. ముందు గొంతులో రావాలి, తర్వాతే ఊపిరిలో అనేది. ఒకరోజు కాంభోజి పాడమంది. నాకు వచ్చినంతా పాడాను. ఆమె తల ఊపి, "నీకు ఎక్కేది బాగా వస్తాది. దిగేదే తెలీదు" అంది.

ఇంకొకరైతే దాన్ని ఎలా వినేవాళ్ళో. నేను విన్నది వేరు. అంతకు వారం ముందే కనగానపల్లిలో ఒక పెళ్ళిలో, ఫోటో తీసేటప్పుడు నాయన శృతిపెట్టె జరపడానికి వేదిక మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పెళ్ళికొడుకు మేనమామ ఆయన్ని మెట్టు దిగమన్నాడు. మేళంవాళ్ళు ఎక్కేది ఇట్లే మొదలవుతుందని, ఒకసారి ఎక్కితే దిగరని పక్కవాళ్ళతో నవ్వుతూ చెప్పాడు. నాయన దిగాడు. టీచరమ్మ నోట్లో కూడా అదే మాట వినిపించింది నాకు. ఎక్కడం, దిగడం. ఆ గురువారం తర్వాత నేను పోలేదు. ఎందుకు రాలేదని ఆమె కబురు చేసిందని విన్నాను. జవాబు పంపలేదు.

ఇక ధర్మవరం పెళ్ళి గురించి చెప్పాలి.

పట్టుచీరలు నేసేవాళ్ళ ఇంటి పెళ్ళి, కల్యాణమండపంలో. ముహూర్తానికి గంట ముందే అంతా సిద్ధమైపోయింది. అలా ఎప్పుడూ జరగదు, ఆ రోజు జరిగింది. పెళ్ళికూతురు వచ్చి పీట మీద కూర్చుంది. పెళ్ళికొడుకు లోపల గదిలో పంచె కట్టించుకుంటున్నాడు. అక్షింతలు కూడా పంచేశారు, జనం ఊరికే కూర్చుని ఉన్నారు. పెళ్ళికూతురి తాత ముందు వరసలో ఉన్నాడు. జీవితమంతా మగ్గం గుంటలో కూర్చున్న మనిషి, వీపు ఇంకా మగ్గం మీదికి వంగినట్టే ఉంది. ఆయన మావైపు తిరిగి, "ఊరికే కూసునేది ఎందుకప్పా, ఏదన్నా పెద్దది వాయించండి" అన్నాడు.

అన్నేళ్ళలో మమ్మల్ని అలా అడిగినవాళ్ళు లేరు. సినిమా పాట అడిగినవాళ్ళున్నారు, ఆపమన్నవాళ్ళున్నారు. నాయన నావైపు చూశాడు. తన సన్నాయి ఒళ్ళో పెట్టుకుని శృతిపెట్టె దగ్గరికి లాక్కున్నాడు. అంటే నన్ను వాయించమని.

కాంభోజి మొదలుపెట్టాను. మొదట్లో మాటల చప్పుడు తగ్గలేదు. గాంధారం దగ్గర కాసేపు ఉన్నాను, మధ్యమం, పంచమం. క్యాసెట్టులో ఆ మనిషి చేసినట్టే ఒక్కొక్కదాని దగ్గర ఆగాను. పూలు కడుతున్న ఆడవాళ్ళు మాటలు ఆపారు. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. కింద ఆయన పాదాలు మాత్రం మగ్గం తొక్కుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినపడేంత నిశ్శబ్దం వచ్చింది. నేను పై షడ్జం అందుకున్నాను. నిలిపాను. ఇంతకాలం కోరుకున్నది ఇప్పుడు జరగబోతోందని నాకు తెలుస్తూ ఉంది.

పురోహితుడి వేలు లేచింది.

ఆయన గొంతు ఎండి మంచినీళ్ళు అడుగుతున్నాడు. ఎదురుగా పోతున్న ఎవరికో ఒక గ్లాసు అని చూపించాడు, అంతే. చిన్నాయన ముప్పై ఏళ్ళుగా ఆ వేలినే చూస్తున్నాడు. ఆయన చేతులు ఆయన్ని అడగలేదు. డోలు ఒక్కసారిగా గట్టిమేళం అందుకుంది. నా వేళ్ళు కూడా దాని వెంట పరిగెత్తాయి, అది కూడా చెప్పాలి. నేనూ ఆగలేదు. ఇక జనం సంగతి చెప్పేదేముంది. నిశ్శబ్దంలో మైమరచి ఉన్న రెండు వందల మంది ఉలిక్కిపడి, లేచి, చేతిలో అక్షింతలు వేదిక మీదికి విసిరారు. పీట మీద పెళ్ళికూతురు ఒక్కతే ఉంది. పెళ్ళికొడుకు ఇంకా పంచె కట్టుకోనేలేదు. ఆ చప్పుడు విని, పంచె ఒక చేత్తో పట్టుకుని గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తన పెళ్ళి తను లేకుండానే అయిపోయిందేమో అన్నట్టు చూశాడు.

పెళ్ళికూతురికి నవ్వు ఆగలేదు. ఒక పెద్దావిడ మాత్రం ఏడుపు మొదలుపెట్టింది. ఎవరు మొదలుపెట్టారు, ఎవరు ఆ పని చేసింది అని పెళ్ళికొడుకు తరఫువాళ్ళు మా దగ్గరికి వచ్చారు. చిన్నాయన తల వంచుకున్నాడు. నాయన లేచి నిలబడి చేతులు జోడించాడు.

"పిల్లోడు, సామీ. రాగంలో పడి గమనించలేదు. తప్పు మాదే."

పిల్లోడంటే నేను. అప్పటికి నాకు ఇరవై రెండు.

"రాగాలు మీ ఇంట్లో వాయించుకోండప్పా," అన్నాడు పురోహితుడు. "ఈడ వేలు చూడండి."

మళ్ళీ బియ్యానికి పసుపు కలిపారు. ముహూర్తానికి అంతా సరిగ్గానే జరిగింది, అసలు గట్టిమేళం కూడా. భోజనాల దగ్గర ఆ ముసలాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి మిగిలింది ఎప్పుడు వాయిస్తావని అడిగాడు. నేను నోరు తెరిచేలోపలే నాయన, ఇంకోసారి చూద్దాంలే అన్నా అని పంపించేశాడు.

పదకొండు రోజులు నాయనతో మాట్లాడలేదు. పగడపు ఉంగరం వేలునూ చీలిన గోరు వేలునూ పరాయివాళ్ళవని వదిలేయొచ్చు. కానీ ఇది ఇంటివాళ్ళు చేసిన పని. పన్నెండో రోజు సాయంత్రం నాయన నన్ను మిద్దె మీదికి పిలిచాడు. కొండమీద ఎండ ఇంకా పోలేదు. ఆయన చెప్పాల్సింది ఒకే ఊపిరిలో చెప్పేశాడు.

"ఆ పొద్దు ఎవుర్నో ఒకర్ని చెప్పాల్సొచ్చె. నీకు ఇంకా వయసుండాది, మీ చిన్నాయనకు లేదు. ఆ డోలు పోతే వానికి ఇంకో పని రాదు."

నేను కొండవైపు తిరిగాను.

"సరే. ఈడ వేలెత్తేవాళ్ళు ఎవురూ లేరు. వాయించు."

వాయించాను. కోపంతో మొదలుపెట్టినా కోపం పంచమం దాకా కూడా నిలవలేదు. పైకి పోయాను. పై షడ్జం మీద నిలిపాను. ఊపిరి అయిపోయింది, మళ్ళీ పీల్చి మళ్ళీ అక్కడే నిలిపాను. కొంచెం దిగి, మళ్ళీ ఎక్కాను. పక్కన తిరిగాను. ఇంకోలా తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాను. ఎంతసేపు అలా తిరిగానో తెలియదు. నాయన గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

"దిగు," అన్నాడు.

సన్నాయి నోటినుంచి తీశాను. "ఎట్ల?" అని అడిగాను.

ఆయన లేచి కిందికి పోయి తన సన్నాయి తెచ్చుకున్నాడు. ఆయన కాంభోజి నాకంటే గొప్పది, అందులో నాకు అనుమానం లేదు. పై షడ్జం మీద ఆయన నిలిపినంతసేపు నేను ఈనాటికీ నిలపలేను. నిలిపాడు. కొంచెం దిగి మళ్ళీ ఎక్కాడు. పక్కన తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారి ఆయన కళ్ళు కుడివైపుకు పోయాయి. పెళ్ళిలో పురోహితుడు కూర్చునే వైపుకు. అక్కడ ఆరేసిన దుప్పటి తప్ప ఏమీ లేదు. నాయన ఆపేశాడు.

"మా నాయన కూడా ఈడిదాకానే చెప్పినాడు," అన్నాడు. "ఆపేవాళ్ళు ఎట్లాగూ ఉంటిరి గదా."

ఆ సాయంత్రం నేను పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. అప్పటిదాకా నా రాగాన్ని ఫలానా వేళ్ళు ఆపాయని, అవి లేవకపోతే నేను ఎక్కడికో చేరేవాణ్ణని గట్టిగా నమ్ముకుని బతికాను. మా ఇంట్లో తరతరాలుగా ఎక్కడం నేర్చుకున్నాం. దిగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. దీనికి ఎవరి మీద కోపం పెట్టుకోవాలో నాకు తెలియలేదు. చాలారోజులు వెతికాను.

టీచరమ్మ అన్న మాట అప్పుడు అర్థమైంది. అర్థమైన వెంటనే పోలేదు. రెండేళ్ళు పట్టింది. చెప్పుల చోటు గుర్తొచ్చేది, కాలు ముందుకు పడేది కాదు. అప్పటికి రెండువేలు దాటింది. పెళ్ళిళ్ళకు కీబోర్డులు వచ్చాయి, సీడీలు వచ్చాయి, నెలకు పది పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళం మూడుకు వచ్చాం. ఖాళీ ఎక్కువైంది. చివరికి ఒక గురువారం హిందూపురం బస్సెక్కాను.

ఆమెకు జుట్టంతా నెరిసింది. నన్ను చూసి, ఇంతకాలం ఎక్కడున్నావని కూడా అడగకుండా, "సన్నాయి తెచ్చినావా? లోపలికి తీసుకొని రా" అంది.

వీధిలోవాళ్ళు పెళ్ళనుకుంటారు కదా అన్నాను. ఈ మాట తిరిగి అప్పగించడానికి నేను ఎన్నేళ్ళు మోశానో ఆమెకేం తెలుసు.

"అనుకోనీప్పా. ఒకసారి వచ్చి చూస్తారు, మళ్ళా రారు," అంది. అలా ఒకప్పుడు తనే అన్నట్టు ఆమెకు గుర్తే లేదు. గుర్తుండి క్షమించమని అడిగి ఉంటే నాకు అంత కష్టమయ్యేది కాదు.

ఏడాది పాటు దిగడమే చెప్పింది. మెట్లు దిగేవాడు కాలి కింద చూసుకున్నట్టు ఒక్కొక్క స్వరాన్ని చూసుకుంటూ రమ్మనేది. నిషాదం దగ్గర తొందరపడేవాణ్ణి. మధ్యమం దగ్గరికి రాగానే మళ్ళీ పైకి పోవాలనిపించేది. కింది షడ్జానికి వచ్చి ఆపితే, కళ్ళు మూసుకునే, "ఇన్నూ ముగిదిల్లప్పా" అనేది. ఇంకా అయిపోలేదు అని. మళ్ళీ మొదలు. నెలల తరబడి అదే మాట. ఆమెకు తెలుగు వచ్చు, అయినా ఆ ఒక్కటి కన్నడంలోనే అనేది. ఒక గురువారం కింది షడ్జం మీదికి వచ్చి నిలిపాను, ఆపాను, ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆమె కళ్ళు తెరిచి, లేచి, పొయ్యి మీద పాలు చూసుకోవడానికి వంటింట్లోకి పోయింది. అయిపోయిందని అలా తెలిసింది నాకు.

ఆమే హిందూపురంలో ఒక చిన్న హాల్లో నాకు చోటు ఇప్పించింది. ఆదివారం పొద్దున, అసలు కచేరీ చేసే గాయకుడు రాకముందు అరగంట. నాయనకు వారం ముందే చెప్పాను. చిన్నాయన అప్పటికి వాయించడం మానేశాడు. నాయన మాత్రం ఆ పొద్దుకే రామగిరి దగ్గర ఒక పెళ్ళి ఒప్పుకుని ఉన్నాడు. వేరేవాళ్ళను పంపొచ్చు. పంపమని నేను అడగలేదు, పంపుతానని ఆయన అనలేదు.

"మాటిచ్చినా," అన్నాడు.

హాల్లో నలభై కుర్చీలు, అందులో సగం నిండాయి. ఎక్కాను. పై షడ్జం మీద నిలిపాను. వేదిక మీద కుడివైపు ఎవరూ లేరు, అయినా నా కళ్ళు ఒకసారి అటు పోయాయి. తర్వాత దిగాను. ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ, ఎక్కడా పరిగెత్తకుండా, కింది షడ్జం దాకా వచ్చాను. ఆ స్వరం హాల్లోంచి పూర్తిగా పోయేదాకా సన్నాయి నోటి దగ్గరే ఉంచుకున్నాను. తీసి, తలుపువైపు చూశాను. చెప్పులు విడిచి లోపలికి వస్తున్న ఎవరో కనిపించారు. నాయన కాదు, మైకు సరిచేసే మనిషి. ఆయన దగ్గరికి వచ్చి, "అయిపోయిందా అన్నా?" అని అడిగాడు.

అయిపోయింది అన్నాను. రాగం గురించి ఆ మాట అనడం నా బతుకులో అదే మొదలు. వినాల్సిన మనిషికి కాక ఇంకెవరికో చెబుతున్నట్టే అనిపించింది.

సాయంత్రం నేను ఇల్లు చేరేటప్పటికి నాయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"చివరిదాకా వాయించేకి వదిలినారా?"

"వదిలినారు."

"ఎట్ల దిగినావు?"

సన్నాయి నా భుజానే ఉంది. అక్కడే గట్టు మీద కూర్చుని వాయించి ఉండొచ్చు. పది నిమిషాల పని. ఆయన అడగడం, నేను వాయించడం, ఇద్దరికీ కావలసింది అదే. నా నోట్లోంచి వచ్చింది వేరు.

"వచ్చింటే వినింటావు గదా నాయనా."

ఆయన ఒక కాలు, తర్వాత ఇంకో కాలు టవలుతో తుడుచుకుని లోపలికి పోయాడు. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఆయనకు సన్నాయి ఊదే ఊపిరి లేదు. పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుంటాడు. నేను లోపలి గదిలో సాధన చేస్తాను, తలుపు తెరిచే ఉంచుతాను. వేరే రాగాలు చివరిదాకా వాయిస్తాను. కాంభోజి మాత్రం పై షడ్జం దాకా పోయి ఆపేస్తాను. ఆయన వింటున్నాడని నాకు తెలుసు. నేను సన్నాయి అందుకోగానే అరుగు మీద రేడియో ఆగిపోతుంది. దిగు అని ఒక్క మాట అంటే చాలు, ఆ క్షణమే దిగుతాను. సన్నాయి తుడుస్తూ కాసేపు ఆగుతాను. ఒక్కోసారి ఆయన గొంతు సవరించుకుంటాడు. అడగబోతున్నాడని సన్నాయి మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకుంటాను. దగ్గుతాడు. దగ్గడానికే.